గ్రహణం విడిచినా నింద విడవదు

నడిగడ్డలో ఒక ఊరు. అంగన్‌వాడీ కేంద్రం అరుగు మీద ఇరవై రెండేళ్ల అమ్మాయి మూడు నెలల బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూచుంది. బిడ్డ ముఖం మీద కొంగు కప్పింది. ఎండకు కాదు, ఎవరి కళ్లా పడకూడదని. పిల్లలకు వైద్య పరీక్షలు చేసే బృందం వస్తోందని తెలిసి మేము నచ్చజెప్పి పిలుచుకొచ్చిన వాళ్లలో ఆమె ఒకతి. బిడ్డకు పై పెదవి చీలి ఉంది. లోపల అంగిలి కూడా చీలి ఉంది. మన పల్లెల్లో దీన్ని గ్రహణం మొర్రి అంటారు. ఆ పేరులోనే తీర్పు ఉంది.

"గ్రహణం నాడు కదలకుంట పండుకోవే అంటే ఇనలే తల్లీ. కత్తిపీట ముందరేసుకోని కూసుంది" అంది పక్కనున్న అత్తగారు. అమ్మాయి తల ఎత్తలేదు. కాసేపటికి డాక్టరు పిలిచాడు. బిడ్డను చూశాడు. "ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకున్నావా? వేసుకోలేదా? ఎందుకు వేసుకోలేదు?" అని అడిగాడు. ఆమె తల ఇంకా కిందికి దిగింది.

అత్తగారిది గ్రహణం మీద నమ్మకం. డాక్టరుది శాస్త్రం మీద నమ్మకం. ఇద్దరూ నిలదీసింది మాత్రం ఒక్క మనిషినే. ఆ బిడ్డ తండ్రి ఎదురుగా వేపచెట్టు కింద బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. రోజుకు ఎన్ని బీడీలు కాలుస్తావనీ అడగలేదు, ఏ చేలో ఏ మందు కొడతావనీ అడగలేదు. ఆమెను కూడా ఏం పని చేస్తావని అడగలేదు. తిరిగి వెళ్లేటప్పుడు దారిలో నేను అడిగాను. "సీడు పత్తిల క్రాసింగుకు పోతుంటి అక్కా. ఏడో నెల దాక పోయిన. పొద్దుగాల మందు కొట్టి పోతరు, ఎనకనే మేం చేన్ల దిగుతం" అంది.

ఆ రోజు బృందం నింపిన కాగితం నేను చూశాను. తల్లి వయసు, తల్లి జబ్బులు, తల్లి మింగిన మందులు, మేనరికమా కాదా అనే గడులు అందులో ఉన్నాయి. తల్లి చేసే పని ఏమిటి, తండ్రి చేసే పని ఏమిటి అనే గడి లేదు. ఆ లేని గడి గురించే ఈ వ్యాసం.

గ్రహణం ఎవరికి చెర?

ముందు గ్రహణం సంగతి తేల్చుకుందాం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగానే పోయింది. హైదరాబాదుకు దగ్గరలోని రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు దాన్ని చూసి లెక్కలు కట్టుకుంటుంటే, ఊళ్లలో గర్భిణులను చీకటి గదుల్లో పెట్టి తలుపులు వేశారు. ఈ రోజుకీ గ్రహణం వస్తే అదే తంతు. మంచినీళ్లు తాగకూడదు, ఒళ్లు గోక్కోకూడదు, చాకు పట్టకూడదు, పక్క మీద అటూ ఇటూ తిరగకూడదు.

ప్రపంచంలో సుమారు 700 మంది పిల్లల్లో ఒకరు పెదవి చీలికతోనో, అంగిలి చీలికతోనో, రెండింటితోనో పుడుతున్నారు. గ్రహణం కనపడిన దేశంలోనూ పుడుతున్నారు, కనపడని దేశంలోనూ పుడుతున్నారు. ప్రతి నెలా పుడుతున్నారు. గ్రహణమే కారణమైతే ఒక్కో గ్రహణం తర్వాత ఏడెనిమిది నెలలకు ఆసుపత్రులు ఇలాంటి పిల్లలతో నిండిపోవాలి, మిగతా కాలమంతా ఒక్కరూ కనపడకూడదు. అలా ఎక్కడా జరగలేదు. మెక్సికోలోనూ ఇలాంటి నమ్మకమే ఉంది. కారణం తెలియని కాలంలో మనుషులు ఆకాశం వంక చూడటం అర్థం చేసుకోగలం. అర్థం కానిది ఒకటే. ఆకాశంలో జరిగేదానికి నేల మీద శిక్ష ఆడదానికే ఎందుకు? బిడ్డకు తండ్రి కూడా ఉన్నాడు కదా. గ్రహణం వేళ కట్టె కొట్టవద్దని, కత్తి పట్టవద్దని అతన్ని ఏ అమ్మమ్మా గదిలో పెట్టి తలుపు వేయలేదే!

అసలు తెలిసిందేమిటి?

బిడ్డ ముఖం ఎప్పుడు తయారవుతుందో తెలుసుకుంటే చాలా సంగతులు వాటంతట అవే తేలతాయి. పెదవి గర్భం నాలుగు నుంచి ఏడు వారాల మధ్య కలుసుకుంటుంది. అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. ముఖం రెండు పక్కల నుంచి పెరిగి వచ్చే భాగాలు మధ్యలో అతుక్కోవాలి. ఆ అతుకు పడకపోతే చీలిక మిగిలిపోతుంది. నెల తప్పిందని ఆమెకు అనుమానం వచ్చి, ఇంట్లో చెప్పుకుని, ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకునే నాటికి పెదవి పని ముగిసిపోయి ఉంటుంది.

ఎందుకు అతుకు పడదు? చాలా కేసుల్లో ఒకే ఒక్క కారణం ఉండదు. వంశం నుంచి వచ్చే జన్యువులూ, ఆ తొలి వారాల్లో తల్లి చుట్టూ ఉన్న పరిస్థితులూ కలిసి పనిచేస్తాయి. దగ్గరి రక్తసంబంధంలో చేసుకునే పెళ్లిళ్లలో ఈ ముప్పు ఎక్కువని అనేక అధ్యయనాలు చూపాయి. గర్భంతో ఉన్నప్పుడు తల్లి పొగ తాగితే ఈ చీలికలు వస్తాయని అమెరికా సర్జన్ జనరల్ 2014 నివేదిక తేల్చి చెప్పింది. తను కాల్చకపోయినా ఇంట్లో మరొకరు కాల్చే పొగ పీల్చే స్త్రీలకూ ముప్పు ఉందని చూపిన అధ్యయనాలు ఉన్నాయి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, టోపిరామేట్ వంటి మందులు, గర్భానికి ముందు నుంచే ఉన్న చక్కెర జబ్బు కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

ఇక పనిచేసే చోటు. రంగుల్లో, శుభ్రపరిచే ద్రావకాల్లో వాడే గ్లైకాల్ ఈథర్ల మధ్య పనిచేసిన తల్లుల పిల్లల్లో పెదవి చీలిక ఎక్కువగా ఉందని యూరప్‌లో అనేక ప్రాంతాలు కలిసి చేసిన అధ్యయనం 1997లో చెప్పింది. పురుగుమందుల గురించి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 2007లో కలిపి లెక్క చూస్తే, గర్భకాలంలో వాటితో పనిచేసిన స్త్రీలకు ముప్పు కొంత ఎక్కువని తేలింది.

'కొంత' అనే మాటను నేను దాచడం లేదు. ఈ అమ్మాయి బిడ్డకు మొర్రి వచ్చింది ఫలానా మందు వల్లేనని నేను అనను. ఎవరూ అనలేరు. అయితే ఈ మాటనే అవతలి వాళ్లు కవచంలా వాడుకుంటారు. "రుజువేది?" అంటారు. బీడీ తాగిన ప్రతి మనిషికీ క్యాన్సర్ రాదు. వచ్చిన మనిషిని చూపించి ఇది ఫలానా బీడీ వల్లేనని ఎవరూ తేల్చలేరు. అయినా కట్ట మీద హెచ్చరిక అచ్చు వేయించాం కదా. ఒక్క మనిషికి చిన్నగా కనపడే ముప్పు, లక్షల మంది రోజూ ఆ మందులో తడుస్తుంటే చిన్నది కాదు. పైగా కత్తిపీట మీద నేరం మోపేటప్పుడు రుజువు అడగని సమాజం, మందు డబ్బా దగ్గరకొచ్చేసరికే రుజువు అడగడం మొదలుపెట్టడమేమిటి?

తండ్రి ఎక్కడ?

తల్లిదండ్రులు ఇద్దరి వల్లా బిడ్డ పుడుతుందని బడి పుస్తకంలో ఉంది. ముప్పు లెక్క దగ్గరకొచ్చేసరికి తండ్రి మాయమవుతాడు. మన చేలలో పంపు వీపున తగిలించుకుని మందు కొట్టేది ఎక్కువగా మగవాళ్లే. సీసం, ద్రావకాలు, కొన్ని పురుగుమందులు వీర్యకణాలను దెబ్బతీస్తాయని దశాబ్దాలుగా తెలుసు. ఆ మందు అతని చొక్కాలో ఇంటికి వస్తుంది. ఆ చొక్కా పిండేది భార్య. అతని బీడీ పొగ ఆ ఒంటి గదిలోనే తిరుగుతుంది. అంటే తండ్రి చేసే పని కూడా తల్లి ఒంటి మీదుగానే బిడ్డను చేరుతుంది. కడకు లెక్కలో మిగిలేది ఆమె ఒళ్లే.

ఇది మన దగ్గర మాత్రమే జరిగేది కాదు. వియత్నాం మీద అమెరికా సైన్యం ఏజెంట్ ఆరెంజ్ అనే విషాన్ని కుమ్మరించింది. అక్కడ పనిచేసి వచ్చిన అమెరికన్ సైనికుల పిల్లలకు వచ్చిన వైకల్యాల మీద ఏళ్ల తరబడి పోరాటం నడిచింది. మగ సైనికుల పిల్లల విషయంలో 1996లో చట్టం ఒప్పుకున్నది వెన్నుపాము లోపం ఒక్కటే. 2000లో వచ్చిన చట్టం ఆడవాళ్ల పిల్లలకు పెద్ద జాబితానే ఒప్పుకుంది. అందులో పెదవి, అంగిలి చీలికలు కూడా ఉన్నాయి. పరిహారం దక్కింది, మంచిదే. కానీ ఆ జాబితాకు ఏజెంట్ ఆరెంజ్‌తో సంబంధం లేదట! తల్లి వియత్నాంలో పనిచేయడమే దానికి ఆధారమని ఆ ప్రభుత్వమే రాసుకుంది. విషం పేరు ఎత్తకుండా తల్లి పేరు రాసే ఈ విద్య మన అత్తగారికి తెలిసిన విద్యే. కత్తిపీట లేదు, అంతే తేడా.

మాత్ర మంచిదే, నింద చెడ్డది

ఇక్కడ మనలో మనం ఒక మాట అనుకోవాలి. గ్రహణం మూఢనమ్మకమని ఊరూరా కళాజాతాలు చేశాం. దాని స్థానంలో ఏం పెట్టాం? "మాత్రలు వేసుకోని తల్లి" అనే కొత్త నేరస్థురాలిని పెట్టలేదా? మన సంస్థల కరపత్రాలే తీసి చూడండి. "తల్లులారా, జాగ్రత్త పడండి" అనే ఉంటుంది.

ఫోలిక్ యాసిడ్ అవసరమే. వెన్నుపాము లోపాలను అది చాలావరకు అడ్డుకుంటుందని 1991లోనే గట్టిగా రుజువైంది. పెదవి చీలిక విషయంలో సాక్ష్యం అంత బలంగా లేదు. 2007లో వచ్చిన నార్వే అధ్యయనంలో మాత్రం మాత్రలు వాడిన తల్లుల్లో పెదవి చీలిక సుమారు మూడో వంతు తగ్గింది. అయితే ఆ మాత్ర పని చేయాలంటే గర్భం రాకముందు నుంచే అందాలి. మన దగ్గర పేరు రాయించుకున్న తర్వాత గదా మాత్ర చేతికి వచ్చేది! ఇనుము కలిసిన మాత్రల పంపిణీ మొదలయ్యేదే నాలుగో నెలలో. పెదవి ఏడో వారానికే తయారైపోయింది. ఆలస్యంగా ఇచ్చింది వ్యవస్థ. "ఎందుకు వేసుకోలేదు" అన్న ప్రశ్న ఆమెకు. మేనరికం సంగతీ అంతే. మేనమామకు ఇచ్చి చేసిన రోజు ఆమెను అడిగిన వాళ్లెవరు? బిడ్డ పుట్టాక ఆ గడి ఆమె కాగితంలో నింపుతారు.

"అయితే పనికి రావద్దు"

రెండో ఉచ్చు ఇంతకన్నా ప్రమాదకరమైనది. చేలో మందు ఉంది, గర్భిణికి ముప్పు అని మనం గట్టిగా చెప్పగానే, మేస్త్రి చాలా దయగా "అయితే ఆమెను పనికి తీసుకురావద్దు" అంటాడు. కూలీ పోయింది. చేను అలాగే ఉంది. మందూ అలాగే ఉంది.

ఈ దారి ఎక్కడికి పోతుందో అమెరికా కార్మిక స్త్రీలు మనకంటే ముందే చూశారు. 1978లో వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలాండ్‌లో అమెరికన్ సైనమిడ్ కంపెనీ, సీసం వాడే రంగుల విభాగంలో గర్భం రాగల స్త్రీలెవరూ ఉండకూడదని ఆంక్ష పెట్టింది. ఉద్యోగం నిలుపుకోవడానికి ఐదుగురు స్త్రీలు గర్భసంచి దగ్గరి ఆపరేషన్లకు ఒప్పుకున్నారు. పిల్లలు పుట్టకుండా చేయించుకుని జీతం కాపాడుకున్నారు! తర్వాత బ్యాటరీలు తయారు చేసే జాన్సన్ కంట్రోల్స్ కంపెనీ కూడా ఇలాంటి నిబంధనే తెస్తే కార్మిక సంఘం కోర్టుకెక్కింది. ఆ నిబంధన స్త్రీల పట్ల వివక్షేనని, చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1991లో తీర్పు ఇచ్చింది. సీసం మగవాడి వీర్యాన్ని కూడా పాడుచేస్తుంది. కంపెనీలకు ఆ సంగతి తెలుసు. అయినా మగవాడిని బయటికి పంపలేదు. ఎందుకంటే అప్పుడు పని నడవదు. అందరికీ గాలి శుభ్రం చేయాల్సి వస్తుంది, ఖర్చవుతుంది. ఆడవాళ్లను పంపడం చవక.

కాబట్టి మన నినాదం తేటగా ఉండాలి. స్త్రీని చేను నుంచి తొలగించడం కాదు, విషాన్ని తొలగించాలి. గర్భిణికి సురక్షితం కాని చోటు ఏ మనిషికీ సురక్షితం కాదు.

చట్టం ఏ నెలలో మేలుకుంటుంది?

1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం గర్భిణితో కష్టమైన పని చేయించకూడదని అంది. ఎప్పుడు? ప్రసవానికి ముందు ఆరు వారాలు, దానికి ముందు ఒక నెల. అదీ ఆమె అడిగితే. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే లెక్క. నిండు నెలల గర్భిణి కడుపు చట్టానికి కనపడుతుంది. నాలుగో వారం, ఏడో వారం కనపడవు. బిడ్డ ముఖం, గుండె, వెన్ను తయారయ్యే రోజుల్లో ఆమె చట్టం దృష్టిలో గర్భిణే కాదు. 2017లో సెలవును 26 వారాలకు పెంచారని మనమూ సంతోషించాం. రోజు కూలికి చేలోకి దిగే మనిషికి ఆ 26 వారాల్లో ఒక్క రోజైనా దక్కిందా?

పురుగుమందుల సంగతి చూద్దాం. 1968 చట్టం కింద 1971లో వచ్చిన నియమాలు, మందులతో పనిచేసే వారికి యజమాని వైద్య పరీక్షలు చేయించాలని, రక్షణ దుస్తులు ఇవ్వాలని చెప్పాయి. నేను తిరిగిన ఊళ్లలో చేతికి గ్లౌజు ఇచ్చిన యజమానిని చూడలేదు. పరీక్ష మాట అడిగితే నవ్వారు. సీడు పత్తిలో అసలు యజమాని ఎవరని అడగండి. కంపెనీ ఆర్గనైజరును చూపిస్తుంది. ఆర్గనైజరు రైతును చూపిస్తాడు. అప్పుల్లో మునిగిన రైతు ఆకాశాన్ని చూపిస్తాడు. మళ్లీ గ్రహణం దగ్గరికే వచ్చాం!

కాసరగోడ్ చెప్పిన పాఠం

ఇదంతా మారేది కాదని నిట్టూర్చే వాళ్లకు కాసరగోడ్‌ను గుర్తు చేస్తాను. కేరళలోని ఆ జిల్లాలో జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. తోటల పక్క ఊళ్లలో పుట్టుకతో వైకల్యాలున్న పిల్లలు, ఎదగని పిల్లలు ఎక్కువగా కనపడసాగారు. అక్కడా మొదట తల్లులనే చూశారు, వాళ్ల పాపాలనీ శాపాలనీ అన్నారు. వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగిని లీలాకుమారి అమ్మ 1998లో కోర్టుకు వెళ్లి ఆ చల్లకాన్ని ఆపించడానికి నిలబడింది. తల్లులు పిల్లలను ఎత్తుకుని రోడ్డు మీద కూచున్నారు. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపింది. 2017 జనవరిలో బాధితులకు తలా 5 లక్షల రూపాయలు ఇవ్వాలని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ డబ్బు కోసం కూడా మళ్లీ మళ్లీ పోరాడాల్సి వచ్చింది. అయినా ఒకటి జరిగింది. "నువ్వేం చేశావు?" అని తల్లిని అడిగే చోట "మీరేం చల్లారు?" అని తల్లి అడిగింది.

ఏం చేయాలి?

ముందుగా బిడ్డ. పెదవి చీలిక శాపం కాదు, సరిచేయగలిగినదే. పెదవికి తొలి నెలల్లోనే, అంగిలికి ఏడాది అటూ ఇటూగా ఆపరేషన్ చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఇది ఉంది. అంగిలి చీలిన బిడ్డ రొమ్ము చీకలేదు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో, తల ఎత్తిపట్టి తాపాలని పుట్టిన రోజే తల్లికి ఎవరైనా చూపించాలి. ఆపరేషన్ ఉచితమే కావచ్చు, దానికోసం పోగొట్టుకునే కూలీ, బస్సు చార్జీ ఉచితం కాదు. అవి కూడా ఇవ్వాలి. ఆపరేషన్ తర్వాత మాట నేర్పే శిక్షణ జిల్లా కేంద్రంలో దొరకాలి. ఆడపిల్ల అయితే "పెళ్లీడుకు చేయిద్దాంలే" అనే మాట నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ మాటను ఇంటి గడప దగ్గరే ఎదుర్కోవాలి.

తర్వాత తల్లి. ఫోలిక్ యాసిడ్ పెళ్లయిన ప్రతి అమ్మాయికీ గర్భానికి ముందే, అడగకుండానే అందాలి. అందించలేనివాళ్లకు ఆమెను నిలదీసే అర్హత లేదు. మందు కొట్టిన చేలోకి ఎన్ని రోజులు దిగకూడదో డబ్బా మీద తెలుగులో, బొమ్మతో ఉండాలి. ఆ రోజుల కూలీ యజమాని ఇవ్వాలి. యజమాని అంటే విత్తనం మీద లాభం తీసుకునే కంపెనీ అని చట్టంలో రాయాలి. నెల తప్పిన అనుమానం ఉన్న స్త్రీకి, ఆమె కోరితే, కూలీ తగ్గకుండా మందు తగలని పని ఇవ్వాలి. మందు కొట్టే పురుషుడికి నీళ్లు, సబ్బు, బట్టలు మార్చుకునే చోటు చేను దగ్గరే ఉండాలి.

చివరగా మన పని. మన కరపత్రాల్లో "తల్లులారా" అన్న చోట "తల్లిదండ్రులారా, యజమానులారా, అధికారులారా" అని రాద్దాం. ఇకనుంచి మీరు ఏ శిబిరానికి వెళ్లినా, ఏ సర్వే కాగితం చేతికొచ్చినా, గడి లేకపోతే మార్జిన్‌లో చేత్తో గీయండి. తల్లి పని ఏమిటి? తండ్రి పని ఏమిటి? ఏ మందు, ఏ నెలలో, ఎవరి చేలో? ఒక్కరు రాస్తే అది గీత. అన్ని జిల్లాల నుంచీ వెయ్యి కాగితాలు వస్తే అది సాక్ష్యం. కాసరగోడ్‌లో కూడా మొదలైంది ఇలాంటి కాగితాలతోనే.

ఆ రోజు ఆ అమ్మాయి కాగితం మీద నేనే ఆ గీత గీశాను. డాక్టరు చూసి "ఇది మా ఫార్మాట్‌లో లేదమ్మా" అన్నాడు. అదే కదా నా ఫిర్యాదు కూడా అన్నాను.